మా బ్లాకు మెట్ల మీద ఆర్థికశాస్త్రం

మా సారు చెప్పిన మనిషి కోసం నేను భిలాయి అంతా వెతికాను. దొరకలేదు.

తొంభైల మధ్యలో దుర్గ్‌లో ఎమ్మే ఎకనామిక్స్ చదివేదాన్ని. అందులో ఆర్థిక ఆలోచనల చరిత్ర అని ఒక పేపరు ఉండేది. విలువ అంటే ఏమిటి, ధర ఎక్కణ్ణుంచి పుడుతుంది, మనిషి ఎందుకు కొంటాడు, ఎందుకు అమ్ముతాడు అని తరతరాలుగా పెద్ద పెద్ద బుర్రలు కొట్టుకు చచ్చిన కథ అది. మా సారు హిందీలో చెప్పేవారు, పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, బుర్రకెక్కడం మాత్రం తెలుగులోనే ఎక్కేది. ఆ కథలన్నిటి చివరా ఒక మనిషి నిలబడి ఉండేవాడు. తనకేం కావాలో అతనికి తెలుసు. దేనికి ఎంత ఇవ్వచ్చో తెలుసు. రెండు వస్తువులు ముందు పెడితే తనకి లాభమైనది టక్కున తీసుకుంటాడు. కోపం లేదు, మొహమాటం లేదు, పక్కింటివాళ్ళ మీద కన్ను అసలే లేదు. సారు అతని గురించి చెబుతుంటే పెళ్ళి సంబంధం చెబుతున్నట్టుండేది.

నేను బస్సు దిగి మా సెక్టారులోకి నడుస్తూ అతని కోసం చూసేదాన్ని. మా నాన్న స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. నాలుగు రూపాయలు కలిసొస్తాయని ఉల్లిపాయల కోసం ఎండలో సుపేలా సంత దాకా సైకిల్ తొక్కేవాడు. అక్కడ మన శ్రీకాకుళం వాళ్ళు కనిపిస్తే ఆ నాలుగు రూపాయలకి ఇంకొన్ని కలిపి అందరికీ చాయ్ పోయించి వచ్చేవాడు. వచ్చి, ఉల్లిపాయలు ఎంత చవగ్గా తెచ్చాడో రాత్రి దాకా చెప్పేవాడు. సారు చెప్పిన మనిషి ఇతను కాదని నాకు అప్పుడే అర్థమైపోయింది.

చదివిన పాఠమంతా సాయంత్రం నాన్నమ్మకి అప్పజెప్పేదాన్ని. ఆవిడకి చదువు మీద మోజుండి కాదు, కాలక్షేపం లేక. మాది రెండంతస్తుల బ్లాకులో పై క్వార్టరు. అంతకుముందు ఏడాది నాన్నమ్మ బాత్రూములో జారిపడింది. తుంటి అతుక్కుంది గానీ, సమతలం మీద కర్రతో నడవచ్చు, మెట్లు మాత్రం ఎక్కద్దు దిగద్దు అని డాక్టరు చెప్పేశాడు. అప్పట్నుంచి ఆవిడ లోకం రెండు గదులు, ఒక బాల్కనీ. మా బ్లాకు ముందు మురుగు కాలవ మీద చిన్న సిమెంటు వంతెన ఉండేది. దాన్ని అందరూ పులియా అనేవాళ్ళు. రోజూ పొద్దుగూకే వేళకి నాన్నమ్మ ఈడు ముసలమ్మలు ఇద్దరు, మనవైపు వాళ్ళే, అక్కడ చేరేవాళ్ళు. పడక ముందు ఆ సభకి నాన్నమ్మే అధ్యక్షురాలు. ఇప్పుడు బాల్కనీ కమ్మీలు పట్టుకుని పైనుంచి అరిచి మాట్లాడేది. కింద వాళ్ళకి చెవుడు, పైన ఈవిడకి ఆయాసం. కోడళ్ళ మీద చెప్పుకునే రహస్యాలు సెక్టారు మొత్తానికి తెలిసిపోయేవి. దాంతో ఆ ముసలమ్మలు భయపడి పైకి చూడ్డం తగ్గించారు.

మోసుకుని దింపుతానని నాన్న ఎన్నోసార్లు అన్నాడు. నాన్నమ్మ ఒప్పుకోలేదు. "రోజూ నలుగురూ సూస్తండగా పీనుగుని మోసినట్టు మోస్తావేటిరా" అంది. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

అందుకే ఆవిడకి కథలు చెప్పేదాన్ని. స్కాట్లాండు పెద్దాయన ఒకాయనకి వచ్చిన సందేహం చెప్పాను. నీళ్ళు లేకపోతే చస్తాం, అయినా నీళ్ళకి ధర లేదు, వజ్రం లేకపోతే ఏమీ కాదు, దానికి బోలెడు ధర, ఎందుకని అని. నాన్నమ్మ ఆలోచించి, "ఆ బాబు ఎప్పుడూ కిందింట్లోనే ఉండుంటాడు. ఎండల్లో మేడమీదికి బిందె మొయ్యమను, తెలుస్తాది" అంది. ఎండాకాలంలో మా పై క్వార్టరుకి కుళాయి నీళ్ళు ఎక్కేవి కావు మరి. రాజుగారి వైద్యుడొకడు సంపదంతా నేలలోంచే వస్తుందన్నాడని చెబితే ఆయన్ని మెచ్చుకుంది. చెమటే విలువ అన్న గడ్డం ఆయన్నీ మెచ్చుకుంది. మొదటి జిలేబీకున్న రుచి ఆఖరి జిలేబీకి ఉండదు, విలువంతా ఆ తేడాలోనే ఉంది అన్నవాళ్ళ మాట మాత్రం నమ్మలేదు. షుగరు వచ్చాక ఆవిడకి జిలేబీ పెట్టడం మానేశాం, ఏ జిలేబీ అయినా మొదటిదే.

ఆ మార్చిలో కింది ఇంటి చాచీ పైకి వచ్చింది. మా కింద క్వార్టరులో ఛత్తీస్‌గఢీ వాళ్ళు ఉండేవారు, కుమ్హారి దగ్గర పల్లె వాళ్ళది. ఆవిడ భర్త చాచాది కూడా ప్లాంటు ఉద్యోగమే, నాన్న హోదానే. చాచీ వచ్చిన పని ఏమిటంటే, ఆవిడ ఎండబెట్టిన వడియాలన్నీ మళ్ళీ ఆవు తినేసింది. పెరట్లో పెడితే ఆవు, ముందు పెడితే మేకలు. పైగా చాచాకి నైట్ షిఫ్టు పడితే కింద ఒంటరిగా నిద్ర పట్టదట, కిటికీ దగ్గర ఎవరో ఉన్నట్టే ఉంటుందట. మీ పై ఇల్లు నాకూ, నా కింది ఇల్లు మీకూ అయితే ఎంత బాగుండునో అని నవ్వుతూనే అంది. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నాన్నమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

ప్లాంటులో దీనికి దారి ఉంది. ఒకే హోదా వాళ్ళిద్దరు ఒకే కాగితం మీద సంతకాలు చేసి టౌన్ ఆఫీసులో ఇస్తే క్వార్టర్లు మార్చేస్తారు. మ్యూచువల్ అనేవాళ్ళు. నేను గాల్లో తేలిపోయాను. ఆ వారమే సారు చెప్పిన పాఠం: ఇద్దరికి ఇష్టమై మార్పిడి జరిగితే ఇద్దరూ బాగుపడతారు, ఎవరికీ నష్టం ఉండదు. ఇక్కడ చూడండి, అచ్చం పాఠంలో ఉన్నట్టే. వాళ్ళకి మేడ, వడియాలు, నిద్ర. మాకు నేల, కుళాయి, నాన్నమ్మకి పులియా. పైగా రెండు క్వార్టర్లూ ఒకే నమూనా, ఒకే సిమెంటు, ఒకే పచ్చ రంగు తలుపులు. ఆదివారం నాన్నా చాచా కూర్చుని సరే అంటే సరే అనుకున్నారు. చాచీ గుజియాలు, అంటే మన కజ్జికాయలు, పంచింది. ఆర్థికశాస్త్రం మా మెట్ల మీద గెలిచిందని నేను ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను కూడా.

రెండో రోజుకి జబ్బు మొదలైంది.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి వంటింట్లో నిలబడి గట్టు కేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ గట్టు ఆయన కట్టిందే. క్వార్టర్లలో వంట కింద కూర్చుని చెయ్యాలి. అమ్మ మోకాళ్ళు చూసి, ఆఫ్ రోజుల్లో ఇసుక పైకి మోసి, నిలబడి వండుకోడానికి సిమెంటు గట్టు కట్టాడు. ఏమాటకామాటే, అది ఒక పక్కకి ఒరిగి ఉండేది. సాంబారు గిన్నె పెడితే స్టవ్వు మీద నుంచి మెల్లగా గోడ వైపు జరిగేది. నాన్న దాన్ని చేత్తో నిమిరి, "ఇది వాడికి ఊరికే ఇచ్చెయ్యాలా?" అన్నాడు. గడ్డం ఆయన సిద్ధాంతం మా వంటింట్లోకి వచ్చేసిందని నాకు తెలిసిపోయింది.

కింద రాజుగారి వైద్యుడు వెలిశాడు. చాచాకి ఇంటి ముందు మడి ఉండేది, గోరింట కంచె, అందులో ఒక నిమ్మచెట్టు. ఆ చెట్టు కాసిన కాయలు మేం వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ కాసినవి కూడా చాచీ మాకే ఇచ్చేసేది. కానీ ఇప్పుడు చాచా ఆ చెట్టు చుట్టూ తిరగడం మొదలెట్టాడు. అది బిడ్డలాంటిదట. నేలంటే నేలేనట, మేడ మీద ఏముంది, గాలి తప్ప అన్నాడట. అదే మాట నాన్న చెవిన పడింది. మేడ మీద వెలుతురుంది, దోమలు లేవు, వాడి ఇంట్లో ఆవు దూరుతుంది అని నాన్న మెట్ల మీద నుంచి వినిపించేలా అన్నాడు.

అమ్మ కూడా బాగున్నది కాస్తా చెడిపోయింది. అప్పటిదాకా నీళ్ళు మోయలేక రోజూ తిట్టుకున్న ఇంటిని పట్టుకుని, ఈ కిటికీలోంచి పక్క బ్లాకు వదినతో మాట్లాడుకోవచ్చు, కింద నుంచి ఏం కనిపిస్తాది అంది. వదిన కింది క్వార్టరులోనే ఉండేది, కింద నుంచైతే ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ సంగతి చెబితే నా మీద కోపగించుకుంది.

మళ్ళీ ఆదివారానికి టేపు వచ్చింది. మా ముందు గది వాళ్ళ ముందు గది కంటే పెద్దదని నాన్న. కాదు, నాదే పెద్దదని చాచా. రెండూ ఒకే నమూనా అని నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. కొలిచారు. ఒక్కటే వచ్చింది. అయితే టేపు సాగిందన్నాడు నాన్న. చాచా ఇంకో టేపు తెచ్చాడు. ఇద్దరూ ఉక్కు కొలిచే వాళ్ళు, మిల్లులో వెంట్రుకవాసి తేడా వస్తే ఒప్పుకోరు, ఇంట్లో మాత్రం కొలతనే నమ్మలేదు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. నాన్నని అడిగాను, ఆ గట్టు చాచాది అయ్యుండి, మనం కొనుక్కోవాలంటే ఎంత ఇస్తావని.

"ఆ వంకర దిమ్మకా? డబ్బులివ్వడానికి నాకేమన్నా పిచ్చా?" అన్నాడు.

మరి అదే నీది కాబట్టి, అమ్మాలంటే ఎంతకి అమ్ముతావని అడిగాను. నాన్న మొహం ఎర్రబడింది. "అమ్మడమేటే? కష్టపడి కట్టుకుంటే" అన్నాడు. కిందకి వెళ్ళి చాచాని నిమ్మచెట్టు గురించి అడిగాను. అక్షరం పొల్లుపోకుండా ఇదే జవాబు, హిందీలో. పక్కవాడిదైతే దిమ్మ, మనదైతే తాజ్‌మహల్.

ఆఖరికి చాచా, ఇల్లు ఇస్తాను కానీ చెట్టు వేళ్ళతో తవ్వి డ్రమ్ములో పెట్టి మేడ మీదకి తీసుకుపోతానన్నాడు. నాన్న తక్కువ తిన్నాడా, అయితే నేను గట్టు పగలగొట్టి పట్టుకుపోతానన్నాడు. పగిలిన సిమెంటు ఏం చేసుకుంటావని అమ్మ అడిగింది. అది నా ఇష్టం అన్నాడు. కాగితం సంతకాలు లేకుండా గూట్లోనే ఉండిపోయింది. నాన్నా చాచా మాటలు మానేశారు. ఒకే గేటుకి వెళ్ళే ఇద్దరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆగి ఆగి సైకిళ్ళు తీసేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక రాత్రి అన్నం దగ్గర అరిచేశాను. మీ గట్టూ వాళ్ళ చెట్టూ సరే, నాన్నమ్మ సంగతేమిటి, ఆవిడ నేల మీద కాలు పెట్టి ఎన్నాళ్ళైంది అని. నాన్న కంచంలో వేళ్ళు కదపకుండా కూర్చున్నాడు. అప్పుడు నాన్నమ్మే మంచం మీద నుంచి అంది.

"నా కోసం కొట్టుకోకండర్రా. నాకు పైనే బాగుంది. గాలొస్తాది. కింద ఏటుంది, దోమలు తప్ప."

ఆ మాటకి ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. నాన్న పెరుగన్నం కలుపుకుంటూ, "చూశావా, అమ్మకే ఇష్టం లేదు" అన్నాడు. మర్నాడు పొద్దున్న అమ్మ కూడా అదే మాట చాచీతో అంది. అందరూ మళ్ళీ మామూలుగా తిరగడం మొదలెట్టారు, నేను తప్ప.

కాలేజీకి వెళ్ళి సారుని అడిగాను. ఇద్దరికీ లాభమున్న మార్పిడి ఎందుకు జరగలేదని. సారు సుద్దముక్క పక్కన పెట్టి, జరగలేదంటే లాభం లేదన్నమాట అన్నారు. మనిషికి ఏం ఇష్టమో అతను ఎంచుకున్నదాన్ని బట్టే తెలుస్తుందట, నోటితో చెప్పింది కూడా కలిస్తే ఇంకేముందట. మీ నాన్నమ్మగారు పై ఇల్లే ఎంచుకున్నారు, పై ఇల్లే ఇష్టమన్నారు, కాబట్టి ఆవిడ సుఖంగా ఉన్నారు. అంతా చక్కగా రుజువైపోయింది. పరీక్షలో ఇది రాదులే అని కూడా అన్నారు.

ఏప్రిల్ ఎండలు ముదిరాక చాచీ మళ్ళీ వచ్చింది. మగవాళ్ళ గొడవతో ఆడవాళ్ళకి సంబంధం లేదు. అమ్మా చాచీ మేడ మీద దుప్పట్లు పరిచి వడియాలు పెట్టుకునేవాళ్ళు. అమ్మవి సగ్గుబియ్యానివి, చాచీవి బూడిదగుమ్మడి, మినప్పిండి కలిపినవి. ఆవిడ పొద్దున్నే పైకి వచ్చేది, కాకుల్ని తోలుతూ మధ్యాహ్నం మా ఇంట్లోనే తినేది. చాచాకి నైట్ షిఫ్టు పడితే మా ముందు గదిలోనే పడుకునేది. మరోపక్క పైకి నీళ్ళు రాక అమ్మ పొద్దున్నుంచీ కిందనే. వాళ్ళ కుళాయి దగ్గర బట్టలు, గిన్నెలు, ఇంక మెట్లెక్కే ఓపిక లేక వంట కూడా వాళ్ళ స్టవ్వు మీదే. ఒకరోజు ఇద్దరూ మెట్ల మీద ఎదురెదురుపడి, ఒకరి చేతిలో ఒకరి గిన్నెలు చూసుకుని నవ్వు ఆపుకోలేకపోయారట. ఈ ఎండలు పోయేదాకా నువ్వు పైన ఉండు, నేను కింద ఉంటాను అనుకున్నారు. వానలు పడగానే ఎవరింటికి వాళ్ళు.

మార్చుకోవడం అన్న మాట ఎవరూ నోట అనలేదు. అందుకే మగవాళ్ళు కూడా నోరెత్తలేకపోయారు. గట్టు ఎక్కడికీ పోలేదు, అది నాన్నదే. చెట్టు చాచాదే. మా దేవుడి పటాలు పైనే, వాళ్ళ క్యాలెండరు కిందనే. పరుపులు, నాలుగు గిన్నెలు, బట్టలు మాత్రం మారాయి. ఇల్లిచ్చేస్తున్నాం అంటే గుండె జారిపోయిన మనుషులు, కొన్నాళ్ళు చుట్టాలింట్లో ఉన్నట్టు ఉందాం అంటే సంచులు సర్దుకున్నారు.

ఒక్క నాన్నమ్మ దిగడమే మిగిలింది. ఒక్కసారికేగా అని అమ్మ బతిమాలితే ఒప్పుకుంది. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలుతో నడుము కట్టి, ముందు చాచా, వెనక నాన్న పట్టుకున్నారు. ఇద్దరికీ మాటల్లేవు కదా. మలుపు దగ్గర కుర్చీ ఇరుక్కుంది.

"అమ్మా, ఆయన్ని ఎడమకి తిరగమను" అన్నాడు నాన్న.

నాన్నమ్మ ముందుకి వంగి, "బావూ, బాయే, బాయే" అంది.

చాచా వెనక్కి చూడకుండా, "అమ్మా, ఉన్‌సే కహియే, థోడా ధీరే" అన్నాడు.

"ఒరే, దీరే అంటన్నాడు, నెమ్మదిగానట."

"దీరేగానే దిగుతున్నా. ఆయనే లాగేస్తున్నాడని చెప్పు."

"నాకు అంత హిందీ రాదురా" అంది నాన్నమ్మ. కుర్చీ ఒక పక్కకి వాలింది. చాచీ గోడకి అతుక్కుని కళ్ళు మూసుకుంది. నాన్నమ్మ రెండు చేతులతో ఇద్దరి నెత్తులూ గట్టిగా పట్టుకుని, "నానేమన్నా టెలిఫోనునా? ముందు నన్ను దించండి, తర్వాత కొట్టుకుందురుగాని" అంది. చాచాకి తెలుగు రాదు, కానీ నెత్తి పట్టుకుంటే భాష అక్కర్లేదు. "రుక్ జాయియే భాయీసాబ్" అన్నాడు నాన్నతో, నేరుగా. నాన్న ఆగాడు. ఇద్దరూ కుర్చీ కింద పెట్టి, ఆయాసం తీర్చుకుని, ఎటు తిప్పాలో మాట్లాడుకుని మళ్ళీ ఎత్తారు.

కింద గడప దగ్గర దింపగానే నాన్నమ్మ తువ్వాలు ముడి తనే విప్పేసుకుంది.

ఆ వేసవిలో మా ఇంట్లో, అంటే వాళ్ళ ఇంట్లో, ఏం జరిగిందో నేను రోజూ చూశాను గానీ అప్పుడు అర్థం కాలేదు. మొదట నాన్న నిమ్మచెట్టు వైపు తలెత్తి కూడా చూసేవాడు కాదు. తర్వాత ఎండకి వాడిపోతోందని ఒక చెంబు పోశాడు. తర్వాత పాదు తవ్వాడు. మే నెలాఖరుకి, కంచె మీద నుంచి చెయ్యి పెట్టి ఆకు తుంపిన వాళ్ళని తరిమేవాడు. పైన చాచా, వంట దగ్గరకి ఏనాడూ రానివాడు, గట్టు ఎత్తు బాగుందని నిలబడి తనే రొట్టెలు చేస్తున్నాడని చాచీ చెప్పింది. గిన్నె జారకుండా కింద ఒక అట్టముక్క పెట్టాడట. ఇలాంటి గట్టు సెక్టారులో ఇంకెవరింట్లోనూ లేదని వచ్చినవాళ్ళకి చూపించేవాడట.

జూన్‌లో వాన పడింది. ఒప్పందం ప్రకారం ఎవరింటికి వాళ్ళు వెళ్ళాలి. అమ్మ సంచులు తియ్యలేదు. చాచీ పైనుంచి దిగలేదు. నాన్న చాచాకి ఎదురుపడకుండా మళ్ళీ సైకిల్ ఆగి ఆగి తియ్యడం మొదలెట్టాడు. కారణం అడిగితే, "కనబడితే ఇల్లడుగుతాడేమో" అన్నాడు గొంతు తగ్గించి. ఎవరి ఇల్లు అని నేను అడగలేదు. పైన చాచా కూడా అదే భయంతో మెట్లు దిగేముందు తొంగి చూస్తున్నాడని ఆ సాయంత్రమే తెలిసింది. ఇద్దరికీ మళ్ళీ పాత జబ్బే, ఇల్లు మాత్రం మారింది.

ఒకరోజు నాన్న చొక్కా ఇస్త్రీ చేయించుకుని టౌన్ ఆఫీసుకి వెళ్ళాడు. తాత్కాలికంగా ఉంటున్న ఇంట్లోంచి పాత ఇంటాయన ఖాళీ చేయించచ్చా అని అడగడానికి. అక్కడ కిటికీ దగ్గర చాచా ముందే నిలబడి అదే అడుగుతున్నాడు. గుమాస్తా ఇద్దరి మొహాలూ చూసి, ఒక మ్యూచువల్ కాగితం ఇద్దరి మధ్యా పెట్టాడట. ఎవరు ముందు సంతకం చెయ్యాలని తోసుకున్నారట. వస్తూ వస్తూ ఇద్దరూ ఒకే పొట్లంలో సమోసాలు తెచ్చారు. ఆ గట్టు నీకే వదిలేస్తున్నానని నాన్న, ఆ చెట్టు నీదే అనుకో అని చాచా, ఒకరికొకరు దానాలు చేసుకున్నారు.

ఇప్పుడు ఆ పేపరు నేనే చెబుతున్నాను. చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం మనిషికి ఎంత కష్టమో, ఉన్నది పోతే కలిగే బాధ ముందు కొత్తది వస్తే కలిగే సంతోషం ఎంత చిన్నదో, దాని మీద ఇప్పుడు పెద్ద శాస్త్రమే ఉంది. కప్పులూ కలాలూ పంచిపెట్టి మరీ పరీక్షలు చేస్తారు. నవ్వొస్తుంది. నాన్నా చాచాల చేతికి చెరో కప్పు ఇస్తే ఆ పరీక్షలు ఒక్క పూటలో తేలిపోయేవి. నాకు ఇంకా కోపం తెప్పించేదేమిటంటే, నీళ్ళూ వజ్రాల సందేహం వచ్చిన ఆ స్కాట్లాండు పెద్దాయనకి ఈ సంగతి కూడా తెలుసు. పైనుంచి కిందికి జారినప్పటి బాధ, కింది నుంచి పైకి ఎక్కినప్పటి సంతోషం కంటే పెద్దదని ఆయన ఎప్పుడో గమనించాడు. మా సారుకి ఆ భాగం సిలబస్‌లో లేదు. తర్వాత వచ్చినవాళ్ళు ఆయన లెక్కలు ఉంచుకుని మనుషుల్ని వదిలేశారు. మళ్ళీ వెతుక్కోడానికి ఇన్నేళ్ళు పట్టింది.

కాగితం మీద సంతకాలైన సాయంత్రం నేను పులియా దగ్గరకి వెళ్ళాను. కుర్చీలో దిగిన రోజు నుంచీ నాన్నమ్మ ఒక్క పూట కూడా అక్కడికి వెళ్ళకుండా ఉండలేదు. గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, ఎవరినీ రానివ్వకుండా తనే నడిచి వెళ్ళేది. వాన వస్తుంటే గొడుగు పట్టుకుని కూర్చునేది. చీకటి పడి, మిగతా ఇద్దరూ వెళ్ళిపోయినా లేచేది కాదు. అమ్మ పిలిచి పిలిచి విసుక్కునేది. ఆ వేళ కూడా ఒక్కతే ఉంది. పక్కన కూర్చున్నాను. నాన్న కాస్త దూరంలో, గోరింట కంచె అవతల, నిమ్మచెట్టు పాదు సరిచేస్తున్నాడు.

నేను సరదాకే అడిగాను. పైనే బాగుందన్నావు కదా, గాలొస్తాదన్నావు, దోమల్లేవన్నావు, మరి ఇప్పుడు లేవమంటే లేవవేం అని. సారు లెక్క తప్పిందని నాకు లోపల కాస్త సంతోషంగా కూడా ఉంది.

నాన్నమ్మ నా వైపు తిరిగి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"దిగనేనిదాన్ని, బాగునేదని అంటే ఏటొస్తాదే గుంటా? మీ నాన్న మొహం సూడనేక సావాల. బాగుందని అన్నాను. అనీ అనీ, కొన్నాళ్ళకి నాకూ బాగున్నట్టే ఉండీది."

నవ్వుదామనుకున్నాను, చాత కాలేదు. ఏడుపొచ్చింది. కంచె అవతల పార చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి నాన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడకి అటు పక్కన కూర్చున్నాడు. అమ్మ అన్నానికి పిలిచినా ముగ్గురం లేవలేదు.